పాత ట్రాక్టరులో దోషము: ఇంజెక్టరా, గ్యాస్కెట్టా?

(ట్రాక్టరు యజమానులకు, డ్రైవర్లకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక యంత్ర శిక్షకుడు చేసిన ప్రసంగ పాఠము)



పాత ట్రాక్టర్లలో వచ్చు దోషములను గురించి మాట్లాడవలసినదిగా ఈ తరగతి నిర్వాహకులు నన్ను కోరినారు. దోషములు లెక్కకు మిక్కిలి. ఒక్క పూటలో అన్నిటిని చెప్పబోయినచో ఏ ఒక్కటియు మీకు జ్ఞాపకముండదు. కావున రెండింటినే తీసికొనుచున్నాను. ఒకటి ఇంజెక్టరు చెడుట. రెండవది హెడ్డు గ్యాస్కెట్టు పోవుట. ఈ రెండింటినే ఏల ఎన్నుకొంటిననగా, చాలసార్లు ఈ రెండును బయటికి ఒకే విధముగా కన్పించును. రెండింటిలోను తెల్లని పొగ రావచ్చును, ఇంజను తడబడును, లాగుడు తగ్గును. కాని మొదటిదానికి ఒక పూట పని. రెండవదానికి ఇంజను పైభాగమంతయు విప్పవలసిన పని. ఒకదానిని మరియొకటిగా భ్రమించినచో డబ్బు పోవును. దమ్ము రోజులలోనైనచో అదను కూడ పోవును.

ఆ పొరపాటు నేనే చేసితిని. చాల ఏండ్ల క్రిందటి మాట. గోదావరి డెల్టాలో ఒక గ్రామమున సార్వా దమ్ములు ముమ్మరముగా సాగుచున్నవి. మూడు సిలిండర్ల పాత ట్రాక్టరొకటి తెల్లని పొగ గ్రమ్ముచు, కుంటుచు నడచుచున్నదని కబురు వచ్చినది. పోయి చూచితిని. పొగ తెల్లగానే ఉన్నది. రేడియేటరులో నీరు కూడ కొంత తగ్గియున్నది. నిలుచున్నచోటనే "గ్యాస్కెట్టు పోయినది" అని చెప్పివేసితిని. ఆ రైతు నెమ్మదిగా, "మేస్త్రీగారూ, విప్పకుండా తెలుసుకునే దారేమీ లేదాండీ?" అని అడిగినారు. "లేదండి" అంటిని. హెడ్డు దించితిమి. గ్యాస్కెట్టు చెక్కు చెదరక యున్నది. రెండవ సిలిండరులోని పిస్టను తల మాత్రము డీజిలుతో తడిసి నల్లగానున్నది. ఇంజెక్టరులోని సూది ఇరుక్కొని, డీజిలును చిమ్ముటకు బదులు కార్చుచున్నది. ఇక రేడియేటరు నీరా? రబ్బరు గొట్టమునకు వేసిన క్లిప్పు వదులై, అక్కడ నుండి బొట్టుబొట్టుగా పోవుచున్నది.

ఒకసారి విప్పిన గ్యాస్కెట్టును మరల వేయరాదు. క్రొత్తది పట్టణము నుండి వచ్చుటకును, బిగించుటకును నాలుగు రోజులు పట్టినది. ఆ నాలుగు రోజులును ఆయన అద్దె ట్రాక్టరు కొరకు తిరిగినారు. ఆ అదనులో ఎవరి పొలము వారిది గదా, దొరకలేదు. నారు ముదిరిపోయినది. ఆయన నన్నొక్క మాటయు అనలేదు. అనియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

విప్పకుండ తెలిసికొను మార్గములున్నవి. అవి ఆనాడు నాకు తెలియనివి కావు, తొందరలో చేయలేదు. నేటి ప్రసంగమంతయు ఆ రైతు అడిగిన ప్రశ్నకు నేను ఆలస్యముగా చెప్పుచున్న జవాబనుకొనుడు.

ముందుగా యంత్రము పనిచేయు విధమును రెండు మాటలలో చెప్పెదను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు ప్లగ్గు ఉండును. డీజిలు ఇంజనులో అది లేదు. గాలిని పదహారు, పదునెనిమిది వంతులు కుదించి, ఆ కుదింపుచేతనే ఐదారు వందల డిగ్రీల సెంటీగ్రేడు వేడి పుట్టించి, ఆ వేడిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మిన యెడల అది తనంతట తానే అంటుకొనును. రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున ఈ పద్ధతితో నడచు ఇంజనును విజయవంతముగా నడిపి చూపెను. ఆయన ఇంజనులో ఇంధనమును లోనికి నెట్టుటకు అధిక ఒత్తిడి గల గాలి కావలసి వచ్చెడిది. ఆ గాలియంత్రము బరువైనది. పొలములోనికి తీసికొనిపోవుటకు వీలులేనిది. 1927లో బాష్ సంస్థ డీజిలును నేరుగా నెట్టు చిన్న పంపులను పెద్ద సంఖ్యలో తయారు చేయనారంభించిన తరువాతనే లారీలకును, ట్రాక్టర్లకును ఈ ఇంజను సులువుగా అమరినది. మన దేశములో 1951లో బెంగుళూరున మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడి ఈ పంపులను, నాజిళ్లను ఇక్కడనే తయారు చేసినది. ఆ కంపెనీ పేరు 2008లో బాష్ లిమిటెడ్ అని మారినది. అయినను మన షెడ్లలో పాత మేస్త్రీలు ఏ నాజిలునైనను "మైకో" అనియే అందురు.

ఇంజెక్టరు చివరనున్న నాజిలులో ఒక సూది, ఆ సూది కదలాడు ఒక గొట్టము కలవు. ఈ రెంటి మధ్య సందు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు వంతులు మాత్రమే. పంపు నుండి వచ్చిన డీజిలు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోగ్రాముల ప్రాంతమునకు వచ్చినప్పుడు సూది పైకి లేచి, సన్నని రంధ్రముల గుండ డీజిలును పొగమంచువలె చిమ్మి, వెంటనే టక్కున మూసికొనవలెను. సరియైన అంకె ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క విధముగా నుండును. తయారీదారు ఇచ్చిన పుస్తకమే ప్రమాణము. నిమిషమునకు 2000 చుట్లు తిరుగు ఇంజనులో ప్రతి ఇంజెక్టరును నిమిషమునకు 1000 మారులు ఈ పని చేయుచున్నది. అట్టిదానిలో డ్రమ్ము అడుగున నున్న మడ్డి గాని, నీటిబొట్టు గాని దూరినచో ఏమగునో మీరే ఊహింపుడు.

హెడ్డు గ్యాస్కెట్టు పని వేరు. ఇంజను దిమ్మకును, దానిపై మూతవంటి హెడ్డుకును నడుమ ఇది పలుచని పొర. ఒకవైపు నిప్పు, ఒకవైపు నీరు, ఒకవైపు నూనె. ఈ మూడింటిని ఒకదానితో నొకటి కలియనీయక నిలుపుట దాని ఉద్యోగము. ఎక్కడ తెగినదో దానిని బట్టి రోగలక్షణము మారును. నిప్పునకు నీటికి నడుమ తెగినచో రేడియేటరులో బుడగలు. నీటికి నూనెకు నడుమ తెగినచో నూనె మజ్జిగ రంగు. రెండు సిలిండర్ల నడుమ తెగినచో బుడగలును లేవు, మజ్జిగయు లేదు. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు ఒక్కసారిగా బలహీనమగును. ఈ మూడవ రకమునే అనేకులు ఇంజెక్టరు దోషమని పొరబడి, నాజిళ్లు మార్చుచు కూర్చుందురు.

ఇక పరీక్షలకు వచ్చెదము. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చుగలది వెనుక. ఈ క్రమము తప్పరాదు.

మొట్టమొదట డీజిలును చూడవలెను. ఫిల్టరు ఎన్నాళ్ల క్రిందట మార్చినారు? ఫిల్టరు అడుగు మరను వదులు చేసి కొంచెము డీజిలును గాజు సీసాలో పట్టి పది నిమిషములు నిలిపినచో, నీరున్న యెడల అడుగునకు చేరును. గొట్టములలో గాలి చేరినను ఇంజను తడబడును. గాలిని తీసివేయుట మీలో అందరికిని తెలిసినదే. ఇంజెక్టరును తిట్టుటకు ముందు ఈ రెండింటిని చూచుట న్యాయము.

తరువాత పొగ. నల్లని పొగ యనగా డీజిలు ఎక్కువ, గాలి తక్కువ. గాలి ఫిల్టరు మూసికొనిపోయినను వచ్చును, నాజిలు సరిగా చిమ్మకున్నను వచ్చును. నీలి పొగ యనగా నూనె కాలుచున్నది. అది రింగులకో, వాల్వులకో సంబంధించినది, నేటి ప్రసంగములోనిది కాదు. చిక్కంతయు తెల్లని పొగతోనే. అది కాలని డీజిలు ఆవిరియైనను కావచ్చును, నీటి ఆవిరియైనను కావచ్చును. రెండింటిని వేరు చేయుటకు ముక్కు, కన్ను చాలును. కాలని డీజిలు పొగ కండ్లను మండించును, వాసన ఘాటుగా నుండును, గాలిలో చాలసేపు తేలాడును. నీటి ఆవిరికి ఆ ఘాటు లేదు. గొట్టము దాటి కొంత దూరము పోగానే కరగిపోవును. నమ్మకము చాలనిచో చల్లని గాజుపలకను పొగగొట్టము ఎదుట ఒక క్షణము పట్టి చూడుడు. జిడ్డుగా తడిసినచో డీజిలు. శుభ్రమైన నీటి చుక్కలు కట్టినచో నీరు. అయితే చలికాలపు ఉదయమున బాగుగా నున్న ఇంజను కూడ మొదటి రెండు మూడు నిమిషములు కొంత ఆవిరి వదలును. ఇంజను వేడెక్కిన తరువాత కూడ ఆవిరి ఆగకపోయినప్పుడే అనుమానింపవలెను.

ఆనాడు ఆ గ్రామములో నేను ముక్కును ఉపయోగించియున్నచో చాలియుండెడిది.

ఇప్పుడు ముఖ్యమైన పరీక్ష. దీనిని సిలిండరు విడి పరీక్ష యనవచ్చును. ఇంజనును కొంత వేడెక్కనిచ్చి, నెమ్మదిగా తిరుగుచుండగా, మొదటి ఇంజెక్టరునకు డీజిలు తెచ్చు ఉక్కు గొట్టము నట్టును స్పానరుతో అరచుట్టు వదులు చేయవలెను. డీజిలు బయటికి కారిపోవును గనుక ఆ సిలిండరు పనిచేయుట మానును. అప్పుడు ఇంజను ధ్వనిని వినుడు. ధ్వని మారి, ఇంజను కుంగినచో ఆ సిలిండరు అంతవరకు చక్కగా పనిచేయుచున్నదని అర్థము. ఏ మార్పును లేనిచో అది ముందే చచ్చియున్నది. నట్టు బిగించి, రెండవదానిని, మూడవదానిని అట్లే చూడవలెను. ఇంకొక సంగతి గమనింపుడు. ఒక నట్టు వదులు చేయగానే టకటకమను కొట్టుడు ఆగినచో, పొగ తేటపడినచో, ఆ సిలిండరు ఇంజెక్టరు డీజిలును కార్చుచున్నదనుటకు అది బలమైన సాక్ష్యము.

ఇక్కడ రెండు హెచ్చరికలు చేయక తప్పదు. నట్టుపై గుడ్డ కప్పుడు. చేతిని, ముఖమును దూరముగా ఉంచుడు. ఆ ఒత్తిడితో చిమ్ము డీజిలు చర్మమును సూదివలె పొడిచి లోనికి పోవును. పైకి చిన్న చుక్కవలె కన్పించును, నొప్పియు మొదట అంతగా ఉండదు. కాని లోపలి కండ కుళ్లి వ్రేలిని, చేతిని తీసివేయవలసిన స్థితి రావచ్చును. అట్టిది జరిగినచో పసరులు కట్టుచు కూర్చుండక ఆ గంటలోనే శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికి పోవలెను. రెండవ హెచ్చరిక: ఈ పరీక్ష పాత పద్ధతి పంపులు గల ఇంజనులకు మాత్రమే. ఇటీవలి వాహనములలో, 2023 నుండి వచ్చిన పెద్ద ట్రాక్టర్లు అనేకములలో, కామన్ రైలు అను పద్ధతి కలదు. అందలి ఒత్తిడి వేయి కిలోగ్రాములకు మించును. దాని గొట్టము నట్టును నడచుచున్న ఇంజనుపై ముట్టనే ముట్టరాదు.

చచ్చిన సిలిండరు దొరకినది. అది ఇంజెక్టరు తప్పా, మరియొకదాని తప్పా? ఇందులకు గూటి మార్పు పరీక్ష కలదు. రెండవ సిలిండరు అనుమానాస్పదమైనచో, దాని ఇంజెక్టరును తీసి మొదటిదానిలోను, మొదటిదానిని రెండవదానిలోను బిగింపుడు. మరల విడి పరీక్ష చేయుడు. దోషము ఇంజెక్టరుతో పాటు మొదటి గూటికి మారినచో దోషము ఇంజెక్టరుదే. దానిని షాపునకు పంపుడు. దోషము కదలక రెండవ గూటిలోనే ఉన్నచో ఇంజెక్టరు నిర్దోషి. పంపునో, వాల్వునో, రింగునో, గ్యాస్కెట్టునో చూడవలెను. దీనికి ఖర్చు రెండు రాగి వాషర్లు మాత్రమే.

రాగి వాషరనగా జ్ఞాపకము వచ్చినది. ఇంజెక్టరును తీసినప్పుడు పాత వాషరు దానితో రాక గూటి అడుగున అంటుకొని ఉండిపోవుట కలదు. అది చూడక క్రొత్తది వేసినచో రెండు వాషర్లగును. నాజిలు ముక్కు ఆ మేరకు పైకి లేచి, తుంపర పడవలసినచోట పడదు. "క్రొత్త నాజిలు వేసినను పొగ పోలేదు" అని నా వద్దకు వచ్చినవాటిలో కొన్నింటికి కారణమిదియే. దీపము పెట్టి గూటిలోనికి చూడుడు. వాషరు సరిగా కూర్చుండకున్నచో ఇంజెక్టరు చుట్టు మసి కట్టి, చుఫ్ చుఫ్ మను ధ్వని వచ్చును. సబ్బునీరు పోసినచో బుడగలు లేచును.

షాపులో చేతి పంపు గల పరీక్షా యంత్రముపై ఇంజెక్టరును పెట్టుదురు. మీరు ప్రక్కన నిలుచుండి మూడు సంగతులు చూడుడు. తెరచుకొను ఒత్తిడి పుస్తకములో చెప్పినంత ఉన్నదా? ప్రతి రంధ్రము నుండియు తుంపర సమముగా వచ్చుచున్నదా, లేక ఒకవైపు తీగవలె పోవుచున్నదా? ఆ ఒత్తిడికి కొంచెము తక్కువలో పది సెకండ్లు నిలిపినచో ముక్కున బొట్టు రాలుచున్నదా? బొట్టు రాలు నాజిలు పనికిరాదు. ఆ తుంపరకు కూడ చేయి అడ్డము పెట్టరాదు.

ఇప్పుడు గ్యాస్కెట్టు సంగతి. ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాత, సాధ్యమైనచో రాత్రియంతయు నిలిపి, ఉదయమున రేడియేటరు మూత తీయుడు. వేడిగానున్నప్పుడు మూత తీసి ముఖము కాల్చుకొన్నవారిని నేను ఎరుగుదును. నీటిని అంచువరకు నింపుడు. నీటి పంపును త్రిప్పు ఫ్యాన్ బెల్టును తీసివేసినచో నీరు కదలక నిలుచును, చూచుట సులువు. ఇంజను స్టార్టు చేసి ఒకటి రెండు నిమిషములకు మించకుండ నడుపుడు. నింపునప్పుడు చిక్కుకొన్న గాలి వలన మొదట కొన్ని బుడగలు వచ్చి ఆగిపోవును, దానికి భయపడనక్కరలేదు. కాని బుడగలు ఆగక వచ్చుచు, వేగము పెంచినకొలది హెచ్చుచున్నచో, లేదా నీరు ఎగజిమ్మినచో, సిలిండరులోని వాయువు నీటిలోనికి పోవుచున్నదన్న మాట. ఆ బుడగలు వచ్చుచుండగనే ఇందాక చెప్పిన విధముగా ఒక్కొక్క సిలిండరు నట్టును వదులు చేసినచో, ఏ సిలిండరు ఆగినప్పుడు బుడగలు తగ్గునో అక్కడనే తెగినదని తెలియును. మూత బిగించి స్టార్టు చేసిన రెండు నిమిషములలోనే, నీరు వేడెక్కక మునుపే, పై రబ్బరు గొట్టము రాయివలె గట్టిపడుట కూడ ఇదే దోషమునకు గుర్తు.

హెడ్డు పగిలినను సరిగా ఇవే లక్షణములు వచ్చును. విప్పకుండ ఆ రెంటిని వేరు చేయుట కష్టము. అయినను రెండింటికిని హెడ్డు దించవలసినదే కాబట్టి ఆ సందేహము మనలను ఆపదు.

తరువాత నూనె. కొలత పుల్లను తీసి చూచినప్పుడు నూనె తగ్గుట సహజము. పోయకుండనే పెరిగినచో ఏదియో కలియుచున్నది. పలుచబడి డీజిలు వాసన వచ్చినచో కారు ఇంజెక్టరునో, పంపునో అనుమానింపుడు. మజ్జిగ రంగు తిరిగినచో నీరు. రాత్రియంతయు నిలిపి, ఉదయమున స్టార్టు చేయకముందు అడుగు బోల్టును మెల్లగా వదులు చేసినచో, నూనె కంటె నీరు బరువు గనుక ముందుగా నీటి చుక్కలే వచ్చును. ఇంకను సందేహమున్నచో ఇంటి ఆడవారిని అడిగి పాత పెనమొకటి తెచ్చి వేడి చేసి ఒక చుక్క నూనె వేయుడు. నీరున్నచో తాలింపువలె చిటపటలాడును. నూనె పోయు మూత క్రింద కొంచెము తెల్లని నురుగు కట్టినంతమాత్రమున బెంగపడవలదు. చలిరోజులలో కొద్ది దూరములే తిరుగు బండిలో చెమ్మ పట్టి అట్లగును. పుల్ల మీది నూనెయే నిజము చెప్పును.

నూనెలో నీరున్నదని తేలినను వెంటనే గ్యాస్కెట్టుపై నెపము మోపరాదు. మన పాత ట్రాక్టర్లు అనేకములలో సిలిండరు లైనరు చుట్టు నేరుగా నీరు తిరుగును. అడుగున రబ్బరు రింగులు ఆ నీటిని ఆపును. రింగులు పాతబడి గట్టిపడినచో నీరు సంపులోనికి దిగును. రేడియేటరులో బుడగలు లేక, పొగలో ఆవిరి లేక, నూనెలో మాత్రము నీరు చేరుచున్నచో రింగులపైననే ముందు అనుమానము. సంపు విప్పి, రేడియేటరు పైనుండి చేతి పంపుతో కొద్ది ఒత్తిడి ఇచ్చి, క్రింద నుండి దీపముతో చూచినచో ఎక్కడ నుండి కారుచున్నదో కంటికి కన్పించును.

నూనెలో నీరు కన్పించిన తరువాత ట్రాక్టరును నడపరాదు. ఒక రైతు, పరీక్ష చేయించినచో విప్పుమందురని భయపడి, నెల దినములు రోజూ రేడియేటరు నింపుకొనుచు వేరుసెనగ బస్తాలు తోలినారు. ఎవరో చెప్పినారని రేడియేటరులో పసుపు కూడ పోసినారు. పసుపు రేడియేటరులోని సన్నని చిల్లిని కొంతకాలము ఆపిన మాట నిజమే. డ్రైవర్లు పూర్వము నుండి చేయుచున్నారు. చదరపు సెంటీమీటరునకు 70 కిలోగ్రాముల ప్రాంతముండు సిలిండరు ఒత్తిడిని అది ఏమి ఆపగలదు? నీరు కలిసిన నూనె బేరింగులను కాపాడలేకపోయినది. క్రాంకు షాఫ్టు గీరుకొనిపోయినది. గ్యాస్కెట్టుతో పోవలసిన ఖర్చు పూర్తి ఇంజను మరమ్మతునకు వచ్చినది.

రెండు సిలిండర్ల నడుమ తెగిన గ్యాస్కెట్టును పట్టుకొనుటకు కంప్రెషను గేజి కావలెను. పెట్రోలు బండ్ల గేజి పనికిరాదు; డీజిలుది వేరు. వేడి ఇంజనుపై, బ్యాటరీ నిండుగా నుండగా, డీజిలు ఆపివేసి అన్ని సిలిండర్లను వరుసగా చూడవలెను. అంకె ఎంత యనుటకంటె సిలిండర్ల మధ్య భేదమెంత యనుటయే ముఖ్యము. మూడును సమముగా తక్కువైనచో ఇంజను అరిగినది. ఒకటియే తక్కువైనచో దాని వాల్వునో, రింగునో ముందు చూడుడు. ప్రక్కప్రక్కల రెండు తక్కువై మూడవది బాగున్నచో గ్యాస్కెట్టు నడుమ తెగినదని దాదాపు నిశ్చయింపవచ్చును.

ఇంతవరకు ఈ రెండు దోషములను వేరువేరుగా చెప్పితిని. అనుభవములో నాకు తెలిసిన మరియొక సంగతి యేమనగా, ఒకదాని నుండి మరియొకటి పుట్టుచుండును. కారు ఇంజెక్టరు ఉన్న సిలిండరులో డీజిలు అకాలమున మండి, సుత్తితో కొట్టినట్లు కొట్టుచుండును. ఆ చోటు మిగిలినవానికంటె వేడెక్కును. పిస్టను తల కరగవచ్చును. గ్యాస్కెట్టు అంచు కాలవచ్చును. అప్పుడు క్రొత్త గ్యాస్కెట్టు వేసి, పాత ఇంజెక్టరునే బిగించినచో ఆరు నెలలలో మరల అదే పని. రైతు గ్యాస్కెట్టు నకిలీదనును, మేస్త్రీ డ్రైవరును తప్పుపట్టును. కావున హెడ్డు దించిన ప్రతిసారియు ఇంజెక్టర్లను పరీక్షకు పంపుడు. అట్లే గ్యాస్కెట్టు ఏల కాలినదో చూడుడు. నూర్పిడి రోజులలో పొట్టు, దూగర రేడియేటరు రెక్కలలో నిండి గాలిని ఆపును. బెల్టు వదులగును. బోరు నీటిలోని ఉప్పులు లోపల పెచ్చుకట్టి వేడిని పోనీయవు. వాననీటినిగాని, శుద్ధి చేసిన నీటినిగాని కూలెంటుతో కలిపి వాడుట మేలు. కాగిపోయిన ఇంజనులో చన్నీరు గుమ్మరించి హెడ్డును వంచినవారును, పగులగొట్టినవారును కలరు.

బిగింపు విషయములో మేస్త్రీని మీరు అడుగవలసినవి కొన్ని కలవు. హెడ్డు అడుగుభాగముపై ఉక్కు బద్దను నిలిపి వంపు చూచినారా? సాధారణముగా మిల్లీమీటరులో పదవ వంతు ప్రాంతమునకు మించిన వంపున్నచో సాన పట్టింపవలెను. ఇక్కడను పుస్తకమే ప్రమాణము. లైనరు అంచు దిమ్మపైకి ఎంత లేచియుండవలెనో అంత ఉన్నదా? బోల్టు రంధ్రములలోని నూనెను, నీటిని తుడిచినారా? తుడువకున్నచో బోల్టు దిగునప్పుడు ఆ ద్రవము నలిగి దిమ్మ పగులవచ్చును. బిగించునప్పుడు నడుమ నుండి అంచులకు, రెండు మూడు విడతలుగా, టార్కు రెంచితోనే బిగింపవలెను. చేతి అంచనా నాకు ముప్పది యేండ్ల అనుభవములోను కుదరలేదు. కుదిరినదని చెప్పువారిని నేను నమ్మను. కొన్ని ఇంజనులకు, కొంతసేపు నడిపిన తరువాత మరల బిగింపుమని పుస్తకములో ఉండును. ఆ రెండవ బిగింపునకు మేస్త్రీని మరల పిలుచుటకు బద్ధకించువారు అనేకులు.

ఈ పనులను చేతితో చేసి నేర్చుకొనదలచినవారికి కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణా సంస్థలు కలవు. మధ్యప్రదేశ్‌లోని బుదనీలో ఇట్టిది 1955లో ఏర్పడినది. మనకు దగ్గరలోనిది అనంతపురము జిల్లా గార్లదిన్నెలోనిది. డ్రైవరు ఒక్కడినైనను పంపి నేర్పించుకొన్న గ్రామమునకు ఆ ఖర్చు ఒక్క దమ్ములో తీరును.

బయట షెడ్డులో ఈ ఊరి రైతుది ఒక పాత ట్రాక్టరు పెట్టించితిని. వారము దినములుగా తెల్లని పొగ వచ్చుచున్నదట. నిన్న సాయంత్రము నుండి దానిని స్టార్టు చేయవలదని చెప్పియున్నాను. రేడియేటరు చల్లగా నున్నది, మూత ఇంకను తీయలేదు. దోషమేదో నాకును తెలియదు. స్పానర్లు, గాజుపలక, పెనము సిద్ధముగా నున్నవి. రండి, చూతము.